యు-48: మూడు లక్షల టన్నుల లెక్క

రెండో ప్రపంచ యుద్ధంలో అందరికంటే ఎక్కువ సరుకు ఓడల్ని ముంచిన జర్మన్ జలాంతర్గామి ఏదని అడిగితే చాలామంది యు-47 అంటారు. స్కాపా ఫ్లో రేవులోకి దూరి బ్రిటన్ యుద్ధనౌక రాయల్ ఓక్‌ని ముంచి వచ్చింది కాబట్టి ఆ పేరు అలా నిలిచిపోయింది. యుద్ధ చరిత్ర కాస్త ఎక్కువ చదివినవాళ్లు ఒట్టో క్రెట్ష్‌మర్ నడిపిన యు-99 అంటారు. లెక్క తీస్తే ఆ రెండిటికంటే పైన ఉన్నది యు-48. 1939 సెప్టెంబరు నుంచి 1941 జూన్ వరకు, రెండేళ్లు కూడా నిండకుండా, 12 సార్లు వేటకు వెళ్లి 50కి పైగా ఓడల్ని ముంచింది. మొత్తం 3 లక్షల టన్నుల పైచిలుకు. ఆ యుద్ధంలో ఈ అంకెను ఇంకే జలాంతర్గామీ దాటలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో యు-35 అనేది 200 దాటి ముంచింది గానీ, ఎక్కువగా ఒంటరిగా పోయే చిన్న ఓడల్ని ఆపి ఫిరంగితో ముంచిన రోజులవి, ఆ పోలిక ఇక్కడ కుదరదు.

దీనికంటే ఆశ్చర్యం కలిగించే విషయం ఇంకోటుంది. జర్మనీ ఆ యుద్ధంలో దాదాపు 1,150 జలాంతర్గాముల్ని సేవలోకి తెచ్చింది, వాటిలో 700కి పైగా నాశనమయ్యాయి. వాటిలో పనిచేసిన సుమారు 40,000 మందిలో 30,000 మంది దాకా చనిపోయారు. అలాంటి లెక్కలో, అందరికంటే ఎక్కువ వేటాడిన యు-48ని మాత్రం శత్రువు ముంచలేకపోయాడు. చివరికి దాన్ని ముంచుకున్నది జర్మన్లే.

ఇదంతా కెప్టెన్ల తెలివితేటలు, ధైర్యం అని రాసేస్తే కథ బాగానే ఉంటుంది, అలా రాసినవాళ్లు చాలామందే ఉన్నారు కూడా. కానీ వేటలో ఈ జలాంతర్గామిని ఒకరు కాదు, ముగ్గురు కెప్టెన్లు నడిపారు, ముగ్గురి చేతిలోనూ అది దాదాపు ఒకేలా పనిచేసింది. అంటే కారణం కెప్టెన్ కుర్చీలో కాకుండా వేరే ఎక్కడో వెతకాలి.

ముందు ఆ యంత్రం ఏమిటో చూద్దాం. కీల్ నగరంలో జెర్మానియావెర్ఫ్ట్ షిప్‌యార్డులో కట్టిన 7బి రకం జలాంతర్గామి ఇది. 1939 ఏప్రిల్‌లో, అంటే యుద్ధానికి నాలుగు నెలల ముందు, నౌకాదళంలో చేరింది. పొడవు 66.5 మీటర్లు, నీటిపైన ఉన్నప్పుడు బరువు 753 టన్నులు. విశాఖ ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర లోపల తిరిగి, ఇంత ఇరుకులో మనుషులు నెలల తరబడి ఎలా బతికారా అనుకున్నవాళ్లకు ఒక మాట: కురుసుర పొడవు 91 మీటర్లు. యు-48 దానిలో మూడొంతుల కంటే తక్కువ, బరువులో సగం కూడా ఉండదు. అందులో 44 మంది. రెండు మరుగుదొడ్లుంటే, బయల్దేరేటప్పుడు ఒకదాన్ని తిండి సామాన్లతో నింపేసేవారు, సామాన్లు అయిపోయేదాకా అందరికీ ఒక్కటే దిక్కు.

ఇంకో సంగతి అర్థమైతే తప్ప ఈ కథ అర్థం కాదు. జలాంతర్గామి అంటే ఎప్పుడూ నీటి అడుగున తిరిగేది అనుకుంటాం. అప్పటివి అలా కాదు. నీటిపైన డీజిల్ ఇంజిన్లతో 17 నాట్ల పైన పోయేవి (ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, దాదాపు 1.85 కిలోమీటర్లు), ఇంధనం పొదుపుగా వాడితే 8,000 నాటికల్ మైళ్లు దాటి తిరిగి రాగలిగేవి. మునిగాక బ్యాటరీలే గతి. గరిష్ఠ వేగం 8 నాట్లు, అదీ కాసేపే. నాలుగు నాట్ల నడక వేగంతో పోతే 90 మైళ్ల దగ్గర బ్యాటరీ చచ్చిపోయేది. కాబట్టి ఇవి అవసరమైతే మునగగల టార్పెడో పడవలు, అంతే. రాత్రిపూట పైకి తేలి, నీటికి కొద్దిగా పైన కనిపించే చిన్న బురుజుతో ఓడల వరుసల్లోకి దూరడమే వీటి అసలు బలం. బ్రిటన్ దగ్గరున్న ఆస్డిక్ పరికరం, అంటే నీటి అడుగున శబ్దం పంపి ప్రతిధ్వని వినేది, నీటిపైన తేలుతున్న జలాంతర్గామిని దాదాపు పట్టుకోలేదు. కాపలాకు పెట్టిన చిన్న కార్వెట్ నౌకల వేగం 16 నాట్లు, అంటే తేలి పారిపోతున్న జలాంతర్గామి వాటికి అందదు. యుద్ధం మొదటి రెండేళ్లు ఈ రెండు లోపాల మధ్య నుంచే యు-48 దారి చేసుకుంది.

మొదటి కెప్టెన్ హెర్బర్ట్ షుల్ట్‌జే. ఆయన మొదటి వేట 1939 సెప్టెంబరు 5న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మూడో రోజున. దొరికిన ఓడ రాయల్ సెప్టర్. అప్పటికి జర్మనీ కాగితం మీదైనా అంతర్జాతీయ నియమాలు పాటిస్తోంది. సరుకు ఓడ కనిపిస్తే ముందు ఆపాలి, తనిఖీ చెయ్యాలి, సిబ్బందికి ప్రాణభయం లేని ఏర్పాటు చూశాకే ముంచాలి. రాయల్ సెప్టర్ ఆగలేదు, రేడియోలో ఆపద సంకేతం పంపుతూ పోయింది. షుల్ట్‌జే ఫిరంగితో ఆపి, సిబ్బంది పడవల్లోకి దిగాక ముంచాడు. తర్వాత దగ్గర్లో కనిపించిన బ్రౌనింగ్ అనే ఇంకో బ్రిటిష్ ఓడను ఆపాడు. దాని సిబ్బంది మా పనీ అయిపోయిందనుకుని అప్పుడే పడవల్లోకి దిగడం మొదలుపెట్టారు. మిమ్మల్ని ముంచను, వెళ్లి అక్కడున్న వాళ్లను ఎక్కించుకోండి అని చెప్పి పంపాడు. బ్రౌనింగ్ రేడియో వాడకుండా బ్రెజిల్‌లోని బహియా రేవు దాకా పోయింది. ఈలోగా బ్రిటన్‌లో రాయల్ సెప్టర్ సిబ్బందిని నడిసముద్రంలో చావడానికి వదిలేశారని పేపర్లన్నీ తిట్టిపోశాయి. అసలు సంగతి బయటపడేసరికి వారాలు గడిచాయి. మరో ఆరు రోజులకు ఫర్బీ అనే ఓడను ముంచి, ఆ చోటు ఎక్కడో చెబుతూ సిబ్బందిని కాపాడండని నేరుగా చర్చిల్ పేరు మీదే షుల్ట్‌జే రేడియో సందేశం పంపాడు. చర్చిల్ అప్పుడు బ్రిటిష్ నౌకాదళ మంత్రి.

ఇది చదివి షుల్ట్‌జేని పెద్దమనిషిని చేసేవాళ్లున్నారు. ఆయన ప్రవర్తన మర్యాదగానే ఉంది, అందులో అనుమానం లేదు. కానీ ఆ మర్యాద ఎక్కువ కాలం నిలబడే అవకాశమే లేదు. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన రోజునే యు-30 ఎథీనియా అనే ప్రయాణికుల ఓడను హెచ్చరిక లేకుండా ముంచింది, వందమందికి పైగా చనిపోయారు. బ్రిటన్ సరుకు ఓడలకు ఫిరంగులు బిగించింది, జలాంతర్గామి కనిపిస్తే వెంటనే రేడియోలో చెప్పమని ఆదేశించింది. నీటిపైన తేలి, సాటి మనిషిలా మాట్లాడి, తనిఖీ చేసి ముంచాలంటే ఆ పల్చటి జలాంతర్గామికే ముప్పు. ఒక్క గుండు పొట్టలో దిగినా ఇక మునగలేదు. 1939 చివరికి జలాంతర్గామి దళం అధిపతి కార్ల్ డోనిట్జ్ కార్యాలయం ఇంకో ఆదేశం ఇచ్చింది: ఎవరినీ ఎక్కించుకోవద్దు, పడవల్లో ఉన్నవాళ్ల గురించి పట్టించుకోవద్దు, మీ జలాంతర్గామిని మీరు చూసుకోండి అని. 1940 ఫిబ్రవరిలో ఇదే షుల్ట్‌జే ముంచిన నాలుగు ఓడల్లో రెండు డచ్చివి, ఒకటి ఫిన్లండ్‌ది. అప్పటికి హాలండ్ ఈ యుద్ధంలోనే లేదు. అయిదు నెలల్లో ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో చూడండి. మనిషి మారలేదు, ఆయన పని మారింది.

ఆ పని పేరు టన్నుల యుద్ధం. డోనిట్జ్ సిద్ధాంతం సూటిగా ఉంటుంది. బ్రిటన్ ద్వీపం, తిండీ ఇంధనమూ ముడిసరుకులూ కలిపి ఏడాదికి 5 కోట్ల టన్నుల పైన బయటి నుంచి రావాలి. అవన్నీ తెచ్చేది ఓడలు. బ్రిటన్ కొత్తగా కట్టుకోగలిగిన దానికంటే వేగంగా ముంచుతూ పోతే ఒకరోజు ఆ దేశం చేతులెత్తేస్తుంది. ఎక్కడ ముంచారు, అందులో ఏముంది, నిండుగా ఉందా ఖాళీగా పోతోందా, ఇవేమీ ముఖ్యం కాదు, ఓడ పోవడమే ముఖ్యం. ఇక్కడ టన్ను అంటే బరువు కూడా కాదు, ఓడ లోపలి ఖాళీ జాగా కొలత. వంద ఘనపుటడుగులు ఒక టన్ను. యు-48 ఖాతాలోని 3 లక్షల టన్నులు ఇలాంటివే. వాటిలో అర్జెంటీనా నుంచి మాంసం, వెన్న తెస్తున్న సుల్తాన్ స్టార్ ఉంది. కలకత్తా నుంచి తేయాకు, జనపనార వేసుకుని బ్రిటన్ చేరుతున్న క్లాన్ చిసోమ్ ఉంది, దాన్ని 1939 అక్టోబరులో ముంచారు. డైరీలో రెండూ రెండు అంకెలు.

డోనిట్జ్ ఈ పనికి 300 జలాంతర్గాములు కావాలన్నాడు. యుద్ధం మొదలయ్యేనాటికి ఉన్నవి 57, అందులో అట్లాంటిక్‌లో తిరగగలిగినవి సగం కూడా లేవు. ఒకేసారి సముద్రంలో వేటాడుతున్నవి ఎంతో అనుకుంటాం గానీ, 1940లో చాలా రోజులు పది కూడా దాటలేదు. ఈ లెక్కకు రెండు వైపులున్నాయి. జర్మనీకి అది కొరత. యు-48కి మాత్రం అదే వరం, ఎందుకంటే వేటగాళ్లు తక్కువ, ఓడలు బోలెడు, కాపలా అంతంత మాత్రం.

అలాగని అన్నీ కలిసొచ్చాయని కాదు. 1940 ఏప్రిల్‌లో నార్వే మీద దాడికి జర్మనీ దాదాపు తన జలాంతర్గాములన్నిటినీ పంపింది, యు-48 కూడా వెళ్లింది. ఎదురుగా బ్రిటిష్ క్రూజర్లు, వార్‌స్పైట్ లాంటి పెద్ద యుద్ధనౌక. షుల్ట్‌జే టార్పెడోలు వదిలాడు, ఒక్కటీ సరిగా పేలలేదు. అందరిదీ అదే పరిస్థితి. అయస్కాంతంతో పేలే యంత్రం ఉత్తరాన భూ అయస్కాంత క్షేత్రం దెబ్బకు ముందే పేలేది, లేదా అసలు పేలేది కాదు. నిర్ణయించిన లోతులో పోవాల్సిన టార్పెడో ఇంకా లోతుగా ఓడ కిందినుంచి పోయేది. తగిలినా కొన్ని పేలేవి కావు. జలాంతర్గామి ఎక్కువసేపు మునిగి ఉంటే లోపలి గాలి పీడనం పెరిగి టార్పెడోలోని లోతు నియంత్రణ పెట్టెలోకి లీకవుతోందని పూర్తిగా తేలడానికి 1942 దాకా పట్టింది. ఈ టార్పెడోల గొడవ లేకపోతే నార్వే దగ్గర బ్రిటన్ ఎన్ని యుద్ధనౌకలు పోగొట్టుకునేదో.

నార్వే తర్వాత షుల్ట్‌జే జబ్బుపడ్డాడు. 1940 మేలో హాన్స్ రుడాల్ఫ్ రోజింగ్ వచ్చాడు, సీనియర్ అధికారి. ఆయన మొదటి గస్తీలో, జూన్ నెలలో, ఏడు ఓడలు మునిగాయి. కెప్టెన్ కొత్తవాడే గానీ చుట్టూ ఉన్నవాళ్లు పాతవాళ్లు. ఇంజిన్ గదిలో ఎరిక్ త్సూర్న్. పైన వంతెన మీద మొదటి వాచ్ ఆఫీసర్ రైన్‌హార్డ్ సూరెన్. రాత్రిపూట నీటిపైన దాడి జరిగేటప్పుడు కెప్టెన్ ఎటు పోవాలో, దేన్ని కొట్టాలో చూసుకుంటే, గురిచూసే దూరదర్శినిలో కన్నుపెట్టి లెక్క సరిచూసి టార్పెడో వదిలేది మొదటి వాచ్ ఆఫీసరే. అంటే యు-48 ముంచినవాటిలో పెద్ద భాగం సూరెన్ వేలితో వదిలినవి. 1940 నవంబరులో ఆయనకు నైట్స్ క్రాస్ పతకం ఇచ్చారు, అది అప్పటిదాకా కెప్టెన్ల మెడలోకి పోయే పతకం. తర్వాతి కెప్టెన్ బ్లైక్‌రోట్ తన పతకం వేసుకోవాలంటే ముందు సూరెన్‌కి ఇవ్వాలని మొండికేశాడని కూడా చెబుతారు. మొండికేశాడో లేదో గానీ అందులో న్యాయం ఉంది. కెప్టెన్లు మారుతున్నా అంకె పెరుగుతూ పోవడానికి ఈ జట్టు ముఖ్య కారణం.

ఇంకో కారణం ఫ్రాన్స్ పతనం. 1940 జూన్‌లో ఫ్రాన్స్ లొంగిపోయింది. అప్పటిదాకా అట్లాంటిక్ చేరాలంటే ఉత్తర సముద్రం దాటి, స్కాట్లండ్ చుట్టూ తిరిగి పోవాలి. లోరియాన్, సెయింట్ నజైర్ రేవులు చేతికి రాగానే ఆ దూరమంతా మిగిలింది, వేటకు రోజులు పెరిగాయి. అదే సమయంలో బ్రిటన్ మీదికి జర్మన్ సైన్యం దిగుతుందనే భయంతో డిస్ట్రాయర్ యుద్ధనౌకల్ని ఇంగ్లిష్ ఛానల్ దగ్గర కట్టిపడేశారు. కాన్వాయ్‌లకు, అంటే గుంపుగా కలిసి పోయే సరుకు ఓడల వరుసలకు, కాపలా ఐర్లండ్ పడమరన కొద్ది దూరమే ఉండేది, ఆ తర్వాత ఓడలు వాటి దారి అవి చూసుకోవాల్సిందే. జూన్ నుంచి అక్టోబరు వరకు 270 దాకా ఓడలు జలాంతర్గాముల చేతిలో పోయాయి. జర్మన్ నావికులు ఈ నెలల్ని 'సుఖాల కాలం' అని పిలుచుకున్నారు.

హైన్‌రిక్ బ్లైక్‌రోట్ యు-48కి కెప్టెన్ అయింది ఈ కాలం నడుమ, 1940 సెప్టెంబరులో. మొదటి గస్తీలోనే ఎస్‌సి-3 కాన్వాయ్ మీద పడి, కాపలా నౌక డండీతో పాటు సరుకు ఓడల్ని ముంచాడు. రెండు రోజుల తర్వాత ఇంకో కాన్వాయ్ కనిపించింది, ఓబీ-213. మధ్య వరుసలో ముందు నడుస్తున్నది పెద్ద ప్రయాణికుల ఓడ, 11,000 టన్నుల పైన ఉంటుంది. జలాంతర్గామికి అది దొరికినవాటిలో అన్నిటికంటే మంచి గురి. దాని పేరు సిటీ ఆఫ్ బెనారెస్.

ఎల్లర్‌మన్ కంపెనీ దాన్ని 1936లో ఇండియా ప్రయాణాల కోసం కట్టించింది, పేరులోనే ఉంది. ఈసారి పోతున్నది మాత్రం లివర్‌పూల్ నుంచి కెనడాకి. లండన్ మీద బాంబులు పడుతుంటే పిల్లల్ని కెనడా, ఆస్ట్రేలియా లాంటి చోట్లకు పంపే ప్రభుత్వ పథకం ఒకటి నడుస్తోంది, ఆ పథకం కింద 90 మంది పిల్లలు ఇందులో ఉన్నారు. మొత్తం 400 మందికి పైగా. సిబ్బందిలో పెద్ద భాగం ఇండియా నుంచి తీసుకున్న లస్కర్లు, అంటే ఓడ పనివాళ్లు. కాపలా నౌకలు సెప్టెంబరు 17 తెల్లవారుజామున వేరే కాన్వాయ్ కోసం వెళ్లిపోయాయి. ఒంటరిగా పోతే 15 నాట్లు పోగలిగే ఓడ, నెమ్మదిగా నడిచే మిగతా ఓడలతో కలిసి సగం వేగంతో సాగింది. ప్రమాదం ఉన్న ప్రాంతం దాటేశామనుకుని ఆ రాత్రి పిల్లల్ని మామూలు బట్టల్లో పడుకోనిచ్చారు, అంతకుముందు రాత్రులు లైఫ్ జాకెట్లు తొడిగి పడుకోబెట్టినవాళ్లే.

రాత్రి పది గంటల ప్రాంతంలో తుఫాను గాలి. మొదటి టార్పెడోలు తప్పాయి, తర్వాతది వెనక భాగంలో తగిలింది. అరగంటలో ఓడ మునిగింది. లైఫ్ బోట్లు దింపుతుంటే కొన్ని తలకిందులయ్యాయి, మిగతావి నీళ్లతో నిండిపోయాయి. రాత్రంతా ఆ చలిలో, నడుము దాకా నీళ్లలో కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే చచ్చిపోయారు. పల్చటి నూలు బట్టలతో పనిచేసే లస్కర్లు ఆ చలికి అసలు తట్టుకోలేకపోయారు. మర్నాడు మధ్యాహ్నం డిస్ట్రాయర్ హరికేన్ వచ్చి దొరికినవాళ్లను ఎక్కించుకుంది. అదే రాత్రి మునిగిన మెరీనా అనే ఓడకు చెందిన ఒక పడవను బెనారెస్ పడవగా లెక్కపెట్టడంతో, అన్ని పడవలూ దొరికాయనుకుని వెనక్కి తిరిగింది. 12వ నంబరు పడవ మిగిలిపోయింది. అందులో నలభై మందికి పైగా, ఎక్కువమంది లస్కర్లు, ఆరుగురు మగపిల్లలు, వాళ్లకు తోడుగా వచ్చిన సంగీతం టీచర్ మేరీ కార్నిష్, ఒక కేథలిక్ ఫాదర్. ఎనిమిదో రోజున ఒక సండర్‌లాండ్ విమానం వాళ్లను చూసింది, ఆంథనీ అనే డిస్ట్రాయర్ వచ్చి ఎక్కించుకుంది. 90 మంది పిల్లల్లో 77 మంది చనిపోయారు. మొత్తం చావులు 250 చుట్టుపక్కల. పిల్లల్ని పంపే పథకాన్ని బ్రిటన్ ఆపేసింది.

ఈ సంఘటన మీద అప్పుడే పెద్ద ప్రచారయుద్ధం నడిచింది. పిల్లల్ని చంపిన రాక్షసులని బ్రిటన్ అంది. యుద్ధ ప్రాంతమని ఆగస్టు 17నే ప్రకటించాం, అలాంటి సముద్రంలోకి పిల్లల్ని ఎవరు పంపమన్నారని జర్మనీ ఎదురు అడిగింది. బ్లైక్‌రోట్‌కి పిల్లలున్నారని తెలియదు, తెలిసే దారీ లేదు. దీపాలు ఆర్పేసిన ఓడ, కాన్వాయ్ నడుమన, చీకట్లో. ఆయన్ను యుద్ధనేరస్తుడు అనడం కష్టం. కానీ తెలియలేదు అన్న మాటతో విషయం అయిపోదు. రాయల్ సెప్టర్ రోజుల్లో ముంచేముందు ఓడలో ఎవరున్నారో చూడాలనే నియమం ఉండేది. ఏడాది గడిచేసరికి, చూడకుండా కొట్టడమే ఆ యుద్ధ పద్ధతిగా మారింది. లోపల ఎవరున్నా తెలియకపోవడం ఆ పద్ధతిలో ఒక భాగం. బెనారెస్ 11,081 టన్నులుగా ఖాతాలోకి ఎక్కింది.

లస్కర్ల సంగతి ఈ గొడవలో ఎవరూ ఎత్తలేదు, ఇప్పటికీ ఎత్తేవాళ్లు తక్కువే. బ్రిటిష్ వాణిజ్య ఓడల్లో పనిచేసేవాళ్లలో పెద్ద వాటా ఇండియావాళ్లది. కలకత్తా, బొంబాయి రేవుల్లో కాంట్రాక్టు మీద తీసుకునేవారు, సిల్హెట్ ప్రాంతం నుంచి బాయిలర్ గదుల్లోకి, గోవా నుంచి వంటగదుల్లోకి. ఇంగ్లిష్ నావికుడికి ఇచ్చే జీతంలో మూడో వంతు, నాలుగో వంతు వీళ్లది. 1939లో యుద్ధం మొదలవగానే ప్రాణాలకు తెగించే పనికి ఈ జీతమేమిటని చాలా రేవుల్లో సమ్మె చేశారు, కొందర్ని జైల్లో కూడా పెట్టారు. బాయిలర్ గది ఓడ అడుగున ఉంటుంది, టార్పెడో తగిలేది అక్కడే. యుద్ధం ముగిసేసరికి ఆరు వేలమందికి పైగా భారతీయ సరుకు ఓడ సిబ్బంది చనిపోయారు. సమాధి లేని బ్రిటిష్ సరుకు ఓడల నావికుల పేర్లు లండన్‌లో టవర్ హిల్ దగ్గర కంచు పలకల మీద చెక్కించారు. ఇండియా వాళ్లవి ఒక పుస్తకంలో రాసి, ఒక ప్రతి చిట్టగాంగ్‌లో, ఇంకోటి బొంబాయిలో పెట్టారు.

నెల తిరక్కుండానే, 1940 అక్టోబరులో, యు-48 మళ్లీ అట్లాంటిక్‌లో ఉంది. అక్టోబరు 16 అర్ధరాత్రి దాటే వేళకు ఎస్‌సి-7 కాన్వాయ్ కంటబడింది. కెనడా నుంచి 35 నెమ్మది ఓడలు బయల్దేరితే, దారిలో చాలా దూరం కాపలా ఒకే ఒక్క నౌక, స్కార్బరో. ఆఖర్న ఇంకో రెండు వచ్చి కలిశాయి గానీ ఆ కెప్టెన్లు అంతకుముందు కలిసి పనిచేసిందీ లేదు, ఎవరేం చెయ్యాలో ముందే అనుకున్నదీ లేదు. బ్లైక్‌రోట్ తెల్లవారేలోగా లాంగ్వెడాక్, స్కోర్స్‌బీ అనే రెండు ఓడల్ని ముంచాడు. తెల్లారాక సండర్‌లాండ్ విమానం తరమడంతో నీళ్లలోకి మునిగాడు. స్కార్బరో అతన్ని పట్టుకోవాలని రోజంతా వెనకే తిరిగి, చివరికి కాన్వాయ్‌కి ఎంత దూరమైపోయిందంటే మళ్లీ కలవలేకపోయింది. ఉన్న కొద్ది కాపలాలో ఒక నౌక అలా తగ్గింది. యు-48 పంపిన సమాచారం పట్టుకుని డోనిట్జ్ మిగతా జలాంతర్గాముల్ని దారిలో నిలబెట్టాడు, క్రెట్ష్‌మర్ సహా. అక్టోబరు 18 రాత్రి జరిగింది ఊచకోత. 35లో 20 ఓడలు పోయాయి. వెంటనే వెనక వస్తున్న హెచ్‌ఎక్స్-79లో ఇంకో 12.

ఈ దాడిలో యు-48 ముంచింది రెండే గానీ దాని పాత్ర అంతకంటే పెద్దది. తోడేళ్ల గుంపు అని పేరుపడ్డ పద్ధతికి మూలం ఇదే: ఒకడు చూడాలి, వెంట పడాలి, రేడియోలో చెప్పాలి, మిగతావాళ్లు రాత్రికి చేరాలి. తమాషా ఏమిటంటే ఆ పద్ధతిని చంపింది కూడా అదే రేడియో. మాట్లాడిన ప్రతిసారీ జలాంతర్గామి తానెక్కడుందో చెప్పినట్టే. ఒడ్డునున్న కేంద్రాలు ఆ సంకేతం వచ్చిన దిక్కును కొలిచేవి, తర్వాత ఓడల మీదే ఆ పరికరాలు పెట్టారు. 1941 మేలో యు-110 నుంచి సందేశాల్ని రహస్య సంకేతాలుగా మార్చే ఎనిగ్మా యంత్రం, సంకేత పుస్తకాలు బ్రిటిష్ వాళ్ల చేతికి చిక్కాక ఆ మాటల అర్థం కూడా తెలియడం మొదలైంది, కాన్వాయ్‌లను జలాంతర్గాములు లేని దారిలోకి మళ్లించారు. చీకట్లో తేలుతున్న బురుజును పట్టుకునే 10 సెంటీమీటర్ల రాడార్ కూడా ఆ ఏడాదే కాపలా నౌకల మీదికి ఎక్కింది.

మార్పు అంతకంటే ముందే కనిపించింది. 1941 మార్చి ఒక్క నెలలో యు-47 తన కెప్టెన్ ప్రీన్‌తో సహా కనపడకుండా పోయింది, షెప్కే యు-100తో పాటు చనిపోయాడు, క్రెట్ష్‌మర్ యు-99ని పోగొట్టుకుని బందీ అయ్యాడు. జర్మన్ రేడియో రోజూ పేర్లు చెప్పి పొగిడే ముగ్గురూ అదే నెలలో లేకుండా పోయారు. కోలుకుని తిరిగొచ్చిన షుల్ట్‌జేతో యు-48 కూడా అప్పుడు అదే సముద్రంలో ఉంది, ఆ మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో అయిదు ఓడల్ని ముంచి ఇంటికి చేరింది. వాళ్లకంటే షుల్ట్‌జే గొప్పవాడని దీనివల్ల తేలదు. ఆ రాత్రుల్లో ఆ డిస్ట్రాయర్ల దారిలోకి ఇతను పోలేదు, అంతే. ఇంకో గస్తీ తిరిగి 1941 జూన్ 21న కీల్ చేరాక దాన్ని యుద్ధం నుంచి తప్పించారు. ఒళ్లు అరిగింది, కొత్త రకాలు వస్తున్నాయి, దానికంటే ముఖ్యంగా ఆ అనుభవం ఉన్న సిబ్బంది కొత్త జలాంతర్గాములకూ శిక్షణకూ కావాలి. అట్లాంటిక్‌లో గాలి పూర్తిగా మారేముందే అది బాల్టిక్ సముద్రంలో కుర్రాళ్లకు పాఠాలు చెప్పే బడిలా మారిపోయింది. ఇంకో ఏడాది ముందు వరుసలో ఉండి ఉంటే మిగతావాటి గతే పట్టేదనడానికి చాలా ఆస్కారం ఉంది. 1943 మే నెల ఒక్కదానిలోనే 41 జలాంతర్గాములు పోయాయి, డోనిట్జ్ ఉత్తర అట్లాంటిక్ నుంచి మిగిలినవాటిని వెనక్కి పిలవాల్సి వచ్చింది.

అందుకే యు-48 అంకెను జర్మన్ జలాంతర్గాముల శక్తికి కొలతగా చూడటం తప్పు. ఆ యుద్ధంలో సగానికి పైగా జలాంతర్గాములు ఒక్క ఓడనూ ముంచలేదు. తొలి రెండేళ్లలో బయల్దేరిన కొద్దిమందికి ఖాళీ మైదానం దొరికింది, తర్వాత వందలకొద్దీ వచ్చినవాళ్లు రాడార్లూ విమానాలూ నిండిన సముద్రంలోకి దిగారు. డోనిట్జ్ కోరుకున్న టన్నుల్ని 1942లో కొన్ని నెలలు నిజంగానే ముంచారు, కానీ అప్పటికి అమెరికా షిప్‌యార్డులు లిబర్టీ అనే రకం సరుకు ఓడల్ని మునిగినవాటికంటే వేగంగా కట్టడం మొదలుపెట్టాయి. కాన్వాయ్‌లలో ఎక్కువ భాగం ఒక్క ఓడా పోకుండానే గమ్యం చేరాయి. జలాంతర్గాములు చాలినన్ని లేనప్పుడు అవకాశం ఉంది, చాలినన్ని వచ్చేసరికి అవకాశం పోయింది.

1945 మే 3న బ్రిటిష్ సైన్యం దగ్గరికి వస్తుంటే న్యూస్టాట్ రేవులో యు-48ని జర్మన్లే ముంచేశారు. అదే రోజు, అదే న్యూస్టాట్ ఎదుట సముద్రంలో, నాజీ నిర్బంధ శిబిరాల ఖైదీలతో నిండిన కాప్ ఆర్కోనా, తీల్‌బెక్ ఓడల్ని బ్రిటిష్ విమానాలు సైనికుల ఓడలనుకుని బాంబులు వేసి ముంచాయి. వేలమంది ఖైదీలు చనిపోయారు.

సూరెన్ తర్వాత యు-564కి కెప్టెన్ అయ్యాడు, యుద్ధం దాటి బతికాడు. బ్లైక్‌రోట్ యు-109ని నడుపుతూ 1942 చివర్లో సముద్రం మీదే మానసికంగా కుప్పకూలాడు, గస్తీ మధ్యలో ఆపేసి వెనక్కి రావాల్సి వచ్చింది. మళ్లీ ఏ జలాంతర్గామినీ వేటకు తీసుకెళ్లలేదు, శిక్షణ పనుల్లో ఉండిపోయి 1977లో చనిపోయాడు. షుల్ట్‌జే, రోజింగ్ ఇద్దరూ 1956 ప్రాంతంలో పశ్చిమ జర్మనీ కొత్త నౌకాదళంలో చేరారు. రోజింగ్ అడ్మిరల్ హోదాలో రిటైరై 2004 దాకా బతికాడు.